వరుసలో పన్నెండో నంబరు మీది: డిజిటల్ లైబ్రరీ అరువు పుస్తకాలతో వేగేది ఎట్లా?

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. తిరుపతిలో కాపురం. నెలకు ఎనిమిది, తొమ్మిది పుస్తకాలు చదివే అలవాటు. మోకాళ్ల నొప్పులతో గ్రంథాలయానికి పోవడం తగ్గించి, ఎనిమిది అంగుళాల ట్యాబ్ కొనుక్కున్నాను. అమెరికాలో ఉన్న కూతురు తన లైబ్రరీ కార్డు నంబరిచ్చి, లైబ్రరీ ఈ-పుస్తకాలు అరువిచ్చే లిబ్బీ యాప్ పెట్టించింది. కొత్త పుస్తకం ఏదడిగినా ఎనిమిది వారాలు ఆగమంటుంది. ఆగి ఆగి ఉంటే ఒకే వారంలో నాలుగొచ్చి మీద పడతాయి. రెండు చదివేలోపు మిగతా రెండూ మాయం. డిజిటల్ పుస్తకానికి క్యూ ఎందుకండీ? ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఇంగ్లీషు పుస్తకం తీసుకుంటే గంటకే మూసుకుపోయింది. పాత తెలుగు పుస్తకం తెరిస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మా ఆయనకు చూపు బాగా తగ్గింది, ఆయనకు వినిపించే దారి ఏమైనా ఉందా? నెలకోసారి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి పోతాం. రైల్లో ఒక్కటీ తెరుచుకోదు. ఎట్లా చదివేది?

— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అమ్మా, మీరు రాసిన తంటాలు అరడజను ఉన్నాయి గానీ చాలావాటికి వేరు ఒకటే. ట్యాబ్‌లోకి పుస్తకం వచ్చిందని మీరనుకుంటున్నారు. నిజానికి వచ్చింది గడువు రాసిన చీటీ. ఆ చీటీ ఎవరు ఎన్నాళ్లకిచ్చారు, చెల్లడానికి నెట్ కావాలా వద్దా అన్నది తెలిస్తే మిగతావి సులువుగా విడిపోతాయి.

ముందు క్యూ సంగతి. లైబ్రరీ కాగితం పుస్తకం కొంటే అది చిరిగిపోయేదాకా లైబ్రరీదే. ఈ-పుస్తకం విషయంలో ప్రచురణకర్త లైబ్రరీకి అమ్మేది లైసెన్సు మాత్రమే. ఎక్కువ లైసెన్సుల్లో ఒక ప్రతిని ఒక సమయంలో ఒక్కరే చదవాలన్న షరతు ఉంటుంది. ఫైలును లక్షసార్లు కాపీ చేయొచ్చన్నది నిజమే, ఒప్పందం చేయనివ్వదు. పైగా ఆ లైసెన్సు కూడా శాశ్వతం కాదు. హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ 2011లో 26 సార్లు అరువిచ్చాక లైసెన్సు అయిపోయే పద్ధతి తెచ్చింది. పెంగ్విన్ రాండమ్ హౌస్ 2018లో, హాషెట్ 2019లో రెండేళ్ల గడువు లైసెన్సులకు మారాయి. మెక్‌మిలన్ అయితే 2019 నవంబరులో, కొత్త పుస్తకం వచ్చిన తొలి 8 వారాలు ఒక్కో లైబ్రరీ వ్యవస్థకు ఒక్క ప్రతే అమ్ముతామంది. లైబ్రరీలు ఎదురుతిరిగాక 2020 మార్చిలో వెనక్కి తగ్గింది. అందుకే పేరున్న కొత్త పుస్తకానికి వందమంది కాచుకుని ఉన్నా లైబ్రరీ పది ప్రతులు కొనడానికే వెనకాముందాడుతుంది.

మీ నంబరు ఎప్పుడొస్తుందో మీరే లెక్క కట్టుకోవచ్చు. లిబ్బీలో పుస్తకం పేరు దగ్గర ఎన్ని వారాలో చూపే గుర్తును తాకితే లైబ్రరీ దగ్గర ఎన్ని ప్రతులున్నాయి, ఎంతమంది వరుసలో ఉన్నారు, మీ స్థానమెంత అన్నవి కనిపిస్తాయి. మీరు పన్నెండో వారు, ప్రతులు మూడు, గడువు 14 రోజులు అనుకోండి. పన్నెండును మూడుతో భాగించి పద్నాలుగుతో హెచ్చిస్తే 56 రోజులు, అంటే ఎనిమిది వారాలు. అది దాదాపు పై హద్దు. కొందరు ముందే తిరిగిచ్చేస్తారు, కొందరు తెరిచి పది పేజీలు చదివి వదిలేస్తారు, కాబట్టి సాధారణంగా ఇంకాస్త ముందే వస్తుంది. అదే లెక్కన ప్రతి ఒక్కటే ఉండి మనుషులు తొమ్మిదిమంది ఉంటే పద్దెనిమిది వారాలు. అలాంటిదాన్ని వరుసలో పడేసి మరిచిపోండి, దాని కోసం కాచుకుని కూర్చోవద్దు.

ఇక నాలుగూ ఒకేసారి మీద పడటం. దీనికి మందు యాప్‌లోనే ఉంది గానీ చాలామంది దాని జోలికి పోరు. మీ వంతు వచ్చినట్టు కబురందాక, తీసుకోవడానికి మూడు రోజుల గడువు ఉంటుంది. అప్పుడు 'బారో' నొక్కాలని లేదు. 'డెలివర్ లేటర్' ఎంచుకుని ఎన్ని రోజులు వాయిదా వేయాలో చెప్పండి. ఈ ప్రతి మీ వెనకవారికి పోతుంది. మీ స్థానం పోదు, వాయిదా కాలంలో కూడా ముందుకు జరుగుతూనే ఉంటారు. వాయిదా తీరాక వచ్చే మొదటి ప్రతి మీదే. ఏదీ నొక్కకుండా ఊరుకుంటే మాత్రం మొదటిసారి యాప్ తనంతట తానే ఏడు రోజులు వాయిదా వేస్తుంది, రెండోసారి కూడా పట్టించుకోకపోతే మీ పేరు కొట్టేస్తుంది. మీ పుస్తకాలు కొన్ని 'మాయం' కావడానికి ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు. కబుర్లు వచ్చేది మీ అమ్మాయి ఈ-మెయిలుకే అయితే, యాప్ సెట్టింగుల్లో నోటిఫికేషన్లు మీ ట్యాబ్‌కే వచ్చేలా మార్చుకోండి. రాత్రి రెండింటికి ఫోన్ చేసి 'అమ్మా, పుస్తకం వచ్చింది' అనే పని ఆమెకూ తప్పుతుంది.

నెలకు ఎనిమిది పుస్తకాలు చదివే మీలాంటివారికి మా లెక్క ఇది: వరుసలో ఎనిమిది, పది ఉండనివ్వండి, చేతిలో మాత్రం రెండుకు మించి ఉంచుకోవద్దు. ఒకటి లావుది, ఒకటి పల్చనిది. మూడోదానికి వంతు వస్తే పది రోజులు వాయిదా. అరువు తీసుకునే ముందే గడువు ఎంచుకునే వీలు చాలా లైబ్రరీల్లో ఉంటుంది (7, 14, 21 రోజులు). నాలుగొందల పేజీల నవలకు 21 పెట్టుకోండి, తీసుకున్నాక పెంచడం కుదరదు. గడువుకు మూడు రోజుల ముందు 'రెన్యూ' కనిపిస్తుంది, వెనక ఎవరూ కాచుకుని లేకపోతేనే. ఉంటే దాని బదులు మళ్లీ వరుసలో నిలబడే బటన్ వస్తుంది. నొక్కండి. పుస్తకం మళ్లీ చేతికొచ్చినప్పుడు మీరు ఆపిన పేజీ, గీసిన గీతలు, రాసుకున్న నోట్సు అన్నీ ఉన్నచోటే ఉంటాయి. చదవడం అయిపోతే గడువు దాకా ఉంచుకోకుండా 'రిటర్న్ ఎర్లీ' కొట్టండి. మీ వెనకవారి ఎనిమిది వారాలు ఏడవుతాయి.

కూతురి కార్డు గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. మన దగ్గర ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కలిసే ఉంటుంది. అక్కడి లైబ్రరీలు నడిచేదీ ప్రధానంగా ఊరివాళ్ల పన్నులతోనే. కార్డులు ఆ ఊళ్లో ఉండేవారికో, పనిచేసేవారికో ఇస్తాయి. కార్డును వేరొకరు వాడుకోకూడదని షరతు పెట్టిన లైబ్రరీలు చాలా ఉన్నాయి. కుటుంబ సభ్యుల విషయంలో పట్టు సడలించేవీ ఉన్నాయి. మీ అమ్మాయిని తన లైబ్రరీకి ఒక మెయిల్ రాసి అడగమనండి, రెండు వాక్యాల పని. కొన్ని లైబ్రరీలు బయటివారికి ఏడాది రుసుముతో విడిగా కార్డు ఇస్తాయి, అదీ అడగమనండి. నియమం పక్కన పెట్టినా ఇంకో చిక్కుంది. ఒక కార్డుకు ఇన్ని అరువులు, ఇన్ని వరుసలు అని పరిమితి ఉంటుంది. మీ పది, ఆమె పిల్లల బొమ్మల పుస్తకాలు అన్నీ ఒకే ఖాతాలో పడితే ఎవరో ఒకరికి 'లిమిట్ అయిపోయింది' అని వస్తుంది. ఇక్కడే ఉండి మీ పేరు మీద తీసుకోదగిన సభ్యత్వం కావాలంటే బ్రిటిష్ కౌన్సిల్ డిజిటల్ లైబ్రరీ ఉంది. ఈ-పుస్తకాలు, ఆడియో పుస్తకాలు, పత్రికలు దొరుకుతాయి, చెన్నై దాకా పోనక్కర్లేదు.

కిండిల్ కొనమని ఎవరైనా అంటే ఆగండి. లిబ్బీ పుస్తకాన్ని కిండిల్‌కు పంపే సౌకర్యం అమెరికా లైబ్రరీలకు, అక్కడి అమెజాన్ ఖాతాలకే. ఇక్కడ మీ ఖాతాతో అది పనిచేయదు.

కొన్ని లైబ్రరీల సైట్లలో పుస్తకం దింపుకోమంటే 'ఏసీఎస్ఎం' అనే బుల్లి ఫైలు వస్తుంది. రెండు మూడు కిలోబైట్లుంటుంది. అది పుస్తకమనుకుని తెరిస్తే చెత్త అక్షరాలు కనిపిస్తాయి. అడోబీ డిజిటల్ ఎడిషన్స్‌లోనో, పాకెట్‌బుక్ రీడర్‌లోనో (ఇవి ఈ-పుస్తకాలు చదివే యాప్‌లు) తెరిస్తేనే అది చీటీ చూపించి అసలు పుస్తకాన్ని తెస్తుంది. ముందుగా అడోబీ ఐడీ ఒకటి సృష్టించుకుని ట్యాబ్‌లో, కంప్యూటర్‌లో అదే ఐడీతో లాగిన్ కావాలి. ఒకచోట మీ ఐడీతో, ఇంకోచోట మీ వారి ఐడీతో తెరవబోతే 'ఆల్రెడీ ఫుల్‌ఫిల్డ్ బై అనదర్ యూజర్' అని మొరాయిస్తుంది. ఆ చీటీ మొదటి పేరుకు కట్టుబడిపోయింది మరి. పుస్తకాన్ని మొదటి ఐడీ నుంచి వెనక్కి ఇచ్చేసి, కొత్తగా అరువు తీసుకోవడం తప్ప దారి లేదు. ట్యాబ్‌లో తేదీ, సమయం తప్పుగా ఉన్నా గడువు లెక్క తప్పి పుస్తకం తెరుచుకోదు, కాబట్టి తేదీని ఆటోమేటిక్‌లోనే ఉంచండి.

ఇప్పుడు గంటకే మూసుకుపోయిన పుస్తకం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచిత ఖాతాతో ఇచ్చే అరువు ఎక్కువగా గంటసేపే, కొన్నింటికే 14 రోజులు. ఆ గంట కూడా బ్రౌజర్‌లో, నెట్ ఉన్నంతసేపే. వెనక ఎవరూ లేకపోతే మళ్లీ తీసుకోవచ్చు. గంట అరువు నవల చదవడానికి చాలదు, ఒక అధ్యాయమో ఒక ప్రస్తావనో చూసుకోవడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. పుస్తకం లోపల వెతికే పెట్టెలో మాట కొడితే అది వచ్చిన పేజీలన్నీ చూపిస్తుంది. పోయిన ఏడాది దొరికింది ఈసారి దొరకలేదంటే కంగారు పడకండి. నాలుగు పెద్ద ప్రచురణ సంస్థలు 2020 జూన్‌లో వేసిన దావాలో ఆర్కైవ్ 2023లో ఓడిపోయింది, 2024 సెప్టెంబరులో అప్పీలులోనూ ఓడింది. ఐదు లక్షలకు పైగా పుస్తకాలను అరువు జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది.

తెలుగు పాత పుస్తకాల కథ వేరు, అక్కడ చీటీ గొడవ లేదు. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. 1965లో చనిపోయినవారి రచనలు 2026 జనవరి 1 నుంచి అందరివీ. ఇలాంటివి ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉన్నాయి, చాలా భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసినవి. గుర్తింపులో 'డీఎల్ఐ' అని కనిపిస్తుంది. దానికి మూలమైన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టును కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి నడిపించిన రాజ్ రెడ్డి మన పాత చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారే. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఇంత మంచి పనికి పట్టిన గ్రహచారం పేర్లు ఎక్కించిన తీరు. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, దీర్ఘాలకు అచ్చులు రెట్టించి, సున్నా దగ్గర కొమ్ములాంటి (') గుర్తులు పెట్టి, ఒక్కోచోట ఒక్కో రకంగా రాశారు. పూర్తి పేరుతో వెతికితే దొరకదు. పేరులో ఏదో ఒక చిన్న ముక్క తీసుకుని, దీర్ఘం ఉన్నట్టు ఒకసారి, లేనట్టు ఒకసారి కొట్టి, పక్కన భాషను తెలుగుకు బిగించండి. దొరికాక మొదటి, నడిమి, చివరి పేజీలు చూసుకుని అప్పుడు దింపుకోండి. పేజీలు ఎగిరిపోయినవి, అట్ట ఒక పుస్తకానిది లోపల ఇంకొకటి ఉన్నవి తగులుతుంటాయి. అలాంటప్పుడు అదే పుస్తకానికి ఇంకో స్కాన్ ఉందేమో వెతకాలి.

దింపుకునేటప్పుడు పీడీఎఫ్ మాత్రమే. పక్కనే ఈపబ్ (అక్షరం పెంచుకోగల ఈ-పుస్తకం ఫైలు) అని ఉంటుంది, ఇక్కడ దాని జోలికి పోవద్దు. స్కాన్ బొమ్మల్లోంచి యంత్రం తనంతట తాను అక్షరాలు పోల్చుకుని తయారుచేసింది అది. పాత తెలుగు అచ్చు దగ్గర వత్తులన్నీ తారుమారై ఒక్క వాక్యం అర్థం కాదు. 'జేపీ2' అని ఉన్న జిప్ ఫైలు వందల మెగాబైట్లు, అది మనకు పనికిరాదు.

చీమల్లాంటి అక్షరాలకు కారణం కొలతల్లో ఉంది. డెమ్మీ 1/8 సైజు (మామూలు నవల సైజు) పేజీ ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు. మీ ఎనిమిది అంగుళాల ట్యాబ్ నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు నాలుగుంపావు లోపే. పేజీ మొత్తం అందులో ఇరికితే అక్షరం ముప్పాతిక వంతుకు కుంచించుకుపోతుంది. ఫోన్ తెర వెడల్పు రెండు ముప్పావు అంగుళాలకు మించదు, అంటే సగానికి. పేజీకి రెండు పక్కలా అరంగుళం చొప్పున ఖాళీ అంచుంటుంది, అది కోసేస్తే అక్షరాలుండే మేర నాలుగున్నర అంగుళాలే. రీడ్ఎరా, కోరీడర్ లాంటి చదివే యాప్‌లో పీడీఎఫ్ తెరిచి అంచులు కోసే సదుపాయం పెట్టుకోండి. అక్షరం దాదాపు అచ్చులో ఉన్నంత అవుతుంది. ఇంకా పెద్దగా కావాలంటే ట్యాబ్ అడ్డంగా తిప్పండి, అప్పుడు పేజీ సగం సగం కనిపిస్తుంది గానీ కళ్లు హాయిగా ఉంటాయి. కొత్తది కొనేట్టయితే పది అంగుళాలది తీసుకోండి, దాని తెర అచ్చంగా డెమ్మీ పేజీ అంత. స్కాన్ కాగితం పచ్చగా మాసిపోయి ఉంటే కాంట్రాస్టు పెంచితే అక్షరాలు తేలతాయి.

తెలుగు వికీసోర్స్‌లో (వికీపీడియాకు తోడుగా నడిచే ఉచిత పుస్తకాల సైటు) ఉన్నవి ఇంకా మేలు. మనుషులు కూర్చుని టైపు చేసి దిద్దినవి. పేజీకి పసుపు రంగుంటే ఒకరు అచ్చుతప్పులు దిద్దారు, ఆకుపచ్చ ఉంటే రెండోవారు కూడా సరిచూశారు. ఎరుపు ఉంటే ఇంకా దిద్దలేదు. అక్కడి ఈపబ్‌లో అక్షరం ఎంత పెద్దదైనా చేసుకోవచ్చు. దింపుకున్నాక వత్తులు విడిపోయి చుక్కల సున్నాలు కనిపిస్తే తప్పు పుస్తకానిది కాదు, యాప్‌కు తెలుగు అక్షరాలు పేర్చడం రాలేదు. యాప్ మార్చండి, లేదా నోటో సెరిఫ్ తెలుగు ఫాంటు ఎక్కించండి. తితిదే ప్రచురణలు మాత్రం వారి ఈ-పుస్తకాల సైట్లోనే పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి.

ఒక మాట నిష్ఠూరంగా చెప్పాలి. ఇప్పుడు రాస్తున్నవారి తెలుగు నవలలు అరువిచ్చే డిజిటల్ లైబ్రరీలు లేవన్నట్టే. టెలిగ్రామ్ గుంపుల్లో తిరిగే పీడీఎఫ్‌లను అరువు అనరు. వాటికి కొనడమో, మీ శాఖా గ్రంథాలయం నుంచి ఇంట్లో పిల్లలెవరితోనైనా తెప్పించుకోవడమో దారి.

మీ వారికి రెండు దారులున్నాయి. మొదటిది ఇవాళే చేయగలిగింది. ట్యాబ్ సెట్టింగుల్లో టెక్స్ట్ టు స్పీచ్ తెరిచి, గూగుల్ తెలుగు గొంతు దింపుకోండి. వికీసోర్స్ ఈపబ్‌ను రీడ్ఎరాలో తెరిచి చదివించే బటన్ నొక్కితే పైకి చదువుతుంది. వేగాన్ని కొంచెం తగ్గించండి, పొడవాటి సమాసాల దగ్గర అప్పుడే అర్థమవుతుంది. స్కాన్ పీడీఎఫ్‌కు ఇది పనిచేయదు, అందులో ఉన్నవి బొమ్మలే తప్ప అక్షరాలు కావు. రెండోది సుగమ్య పుస్తకాలయ్. 2016 ఆగస్టులో మొదలైంది, అచ్చు చదవలేనివారి కోసమే. చూపు లోపానికి ధ్రువపత్రం చూపి, డైసీ ఫోరమ్ ఆఫ్ ఇండియా (అచ్చు చదవలేనివారి కోసం పనిచేసే సంస్థల కూటమి)లో ఉన్న ఏదైనా సంస్థ ద్వారా సభ్యులు కావాలి. ఆర్కైవ్‌లోనూ అచ్చు చదవలేనివారికి విడిగా అనుమతి ఉంది, అరువు జాబితాలోంచి పోయిన పుస్తకాలు కూడా వారికి తెరుచుకుంటాయి. మీ వారు నమోదైతే ఆ ఖాతాను ఆయనే వాడాలి సుమా.

చివరికి రైలు. ఆర్కైవ్ గంట అరువును రైలు కోసం నమ్ముకోవద్దు, నెట్ తెగితే అదీ తెగుతుంది. లిబ్బీ పుస్తకం మాత్రం ట్యాబ్‌లోకి దిగి ఉంటే నెట్ లేకుండానే చదవొచ్చు. మామూలుగా అది వైఫై ఉంటేనే దింపుకునేలా ఉంటుంది. మీ ఇంట్లో మొబైల్ డేటా మాత్రమే అయితే అందుకే ఏదీ దిగలేదు, ఆ సెట్టింగు మార్చండి. నవలకు రెండు మూడు మెగాబైట్లు, స్కాన్ పీడీఎఫ్‌కు ఇరవై నుంచి అరవై దాకా. ఆడియో పుస్తకం బరువు: గంటకు 28 మెగాబైట్ల లెక్కన పది గంటలది 280, దాన్ని ముందురోజు రాత్రే పెట్టుకోవాలి. బయల్దేరే ముందు ట్యాబ్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఒక్కో పుస్తకం తెరిచి, నడిమి పేజీకి, చివరి పేజీకి పోయి చూడండి. అక్కడ తిరుగుతూ ఆగిపోయింది ఏదైనా ఉంటే రేణిగుంట దాటాక కూడా అంతే.